గుండెకు గుండీ కుదరలేదు, మాసిక వేసిన్రు

మా చిన్నదానికి రెండేండ్లప్పుడు కుట్టిన ఫ్రాకు నాలుగేండ్లకు కూడా సరిపోయింది. నేను హన్మకొండల టైలర్‌ని, ఇంటి ముందు అర్రల మిషన్ ఏస్కొని కుడ్త, గల్లీల పిల్లలందరికీ ఆరు నెల్లకోసారి కొలతలు మారుస్త, ఆ పిల్ల పెరిగింది ఈ పిల్ల పెరిగిందని ముచ్చట పెడ్త, గాని నా బిడ్డకు టేపు పెడితే అదే ఛాతీ, అదే 19 ఇంచులు. చూస్తే ముందుగాల నాకే తెల్వాలె. తెల్వలె. దీనిది సన్నం ఒళ్ళు, వాళ్ళ నాయన లెక్క అని సంబురపడ్డ కూడా, కొత్త బట్ట కర్సు లేదని.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్ననంటే మొన్న ఒకామె జాకెట్టు ఇయ్యనీకొచ్చింది, మనుమరాలికి గుండెల హోల్ ఉన్నదట, "మీ పాపకు చంకల చిన్న కోత పెట్టి చేసిన్రట గద, చిన్న ఆపరేషనే గద బిడ్డా" అన్నది. నేను కొద్దిసేపు ఏం మాట్లాడలే. కోత చిన్నదే అత్తా, ఆపరేషన్ చిన్నది కాదు అన్న. ఆమెకు నిలవడి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్న, చానమందికి ఈ రెండిటికీ తేడా తెల్వది, నాకూ తెల్వకుండె.

మొదలు సర్ది. ఊకె సర్ది, ఊకె దగ్గు, నెలకోసారి నెబ్యులైజరు. పండుకున్నప్పుడు అంగీ మీదికెళ్ళి గుండె ఎగురుడు కనవడేది, పక్కటెముకల నడుమ టకటక కొట్టుకునేది, పిల్లలకు గట్లనే ఉంటదేమో అనుకున్న. ఒక పిల్లల డాక్టరు కాడికి (పేరు చెప్పను, పాపం ఆయన దగ్గర రోజుకు నూరు మంది లైన్ల ఉంటరు) ఏడాది తిరిగినం, ఆయన చెవుల గొట్టం పెట్టిండో లేదో గూడ యాది లేదు, బలానికి టానిక్ రాసిండు. ఆ టానిక్ సీసాలు కడిగి మిషన్ నూనె పోస్కున్న నేను, గన్ని అయినయి.

2023ల ఎండాకాలం ముందు అంగన్వాడీకి ఆర్‌బీఎస్‌కే వ్యాన్ వచ్చింది. అది 2013ల సురువైన స్కీము, డాక్టర్లు బండేస్కొని అంగన్వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని చూస్తరు. ఆ డాక్టరమ్మ నా బిడ్డ ఎదల గొట్టం పెట్టి తియ్యలేదు, ఇంకోసారి పెట్టింది, వెనక వీపుకు పెట్టింది, అంగన్వాడీ టీచర్‌ను ఫ్యాన్ బంద్ చెయ్యమన్నది. చప్పుడుల తేడా ఉంది, ఎకో, అంటే గుండె స్కానింగు, తీపియ్యాలె అని చీటీ రాసిచ్చింది. నేను ఆ చీటీ రెండు రోజులు మిషన్ డబ్బల పెట్టుకున్న. మూడోనాడు మా ఆయన చూసి గలాట చేస్తే పోయినం.

ఎకోల హోల్ ఉన్నదన్నరు. గుండెల పైన రెండు అర్రలు ఉంటయి, కుడి ఒకటి ఎడమ ఒకటి, నడుమ గోడ, ఆ గోడకు రంధ్రం. ఏఎస్‌డీ అంటరు. 18 మిల్లీమీటర్లు. మన రూపాయి బిళ్ళ కంటె కొద్దిగ చిన్నది, కాని నాలుగేండ్ల పిల్ల గుండె దాని పిడికిలంతే గద, అండ్ల అంత హోల్ అంటే ఆలోచించున్రి. చిన్న చిన్న హోల్స్ చానావరకు దానంతట అవే పూడుకుంటయట, 8 మిల్లీమీటర్లు దాటినయి పూడుకునుడు తక్కువట. ఎడమ పక్క మంచి రక్తం ఆ హోల్‌లకెళ్ళి కుడి పక్కకు జారి మళ్ళ ఊపిరితిత్తులకే పోతది, పోయిందే పోతది, గందుకే ఊకె సర్ది, గందుకే కుడి పక్క గుండె ఉబ్బింది. పిల్లకు చూస్తే ఏమీ కానట్టే ఉంటది, ఆడుతది, ఉరుకుతది. అట్లనే ఇడిసిపెడితే పెద్దగైనంక ఊపిరితిత్తుల ప్రెషర్ పెరుగుతది, గుండె లయ తప్పుతది, అప్పుడు కొందరికి మూసుడు కూడా కుదరదు అన్నడు ఎకో చూసిన డాక్టరు.

"మేనరికమా?" అని అడిగిండు డాక్టరు. మాది మేనరికమే, మా అత్తమ్మ అంటే మా నాయన సొంత చెల్లె. అత్తమ్మ మొఖం చిన్నబోయింది. మేనరికంల ఈ రిస్కు కొంచెం పెరుగుతది గాని ఇదే కారణమని చెప్పలేం, ఏ మేనరికం లేనోళ్ళకు కూడా పుడ్తరు, వంద మంది పుడితే దాదాపు ఒకరికి గుండెల ఏదో ఒక తేడా ఉంటది అని ఆయన మంచిగనే చెప్పిండు, కాని అత్తమ్మకు ఆ మాట చెవుల పడలె. బస్సుల వచ్చేటప్పుడే మొక్కింది, సమ్మక్క తల్లీ, దీని గుండె బాగైతే నిలువెత్తు బంగారం ఇస్త అని. బంగారం అంటే మేడారం బంగారం, బెల్లం. అప్పుడు పిల్ల 12 కిలోలు.

హైదరాబాద్ పెద్ద దవాఖానల చూపిస్తే వాళ్ళు అన్న మొదటి మాట, కొయ్యనే అవుసరం లేదు, బటన్ పెడ్తం. గజ్జల కాడ నరంలకెళ్ళి సన్న గొట్టం పంపి, గుండె దాంక పోయి, హోల్‌కు రెండు దిక్కుల రెండు బిళ్ళలు తెర్చుకునేటట్టు పెడ్తరు. నేనైతే ఎగిరి గంతేసిన. గుండెకు గుండీ! నాకంటే బాగ ఎవరికి అర్థమైతది ఆ ముచ్చట. ఆ బిళ్ళను శాంపిల్ చూపించిన్రు, చేతుల పట్టుకున్న. సన్నటి తీగతోని జాలీ లెక్క అల్లింది, నికెల్, టైటానియం కలిపిన తీగ, నిటినాల్ అంటరట, గుంజితే దారం లెక్క సాగి గొట్టంల దూరుతది, ఇడిస్తే మళ్ళ బిళ్ళ అయితది. లోపల పాలిస్టర్ బట్ట పెట్టి దారంతోని కుట్టి ఉన్నది! నిజంగ కుట్టిన్రు, నేను కుట్లు లెక్కపెట్టవోతే సిస్టర్ గుంజుకున్నది. ఈ రకం బిళ్ళకు అమెరికాల 2001 డిసెంబర్‌ల పర్మిషన్ ఇచ్చిన్రట, అంటే నేను బడికి పోయే రోజులల్ల ఇది కొత్త ముచ్చట అన్నట్టు. పెట్టినంక నెలలు గడుస్తుంటే దాని మీద మన సొంత పొర పెరిగి కప్పేస్తది, ఒకటి రెండు రోజుల్ల ఇంటికి, గాటు కూడా ఉండదు.

సెప్టెంబర్ల, వినాయకుడు కూసున్న వారంల, డేట్ ఇచ్చిన్రు. ఆరోగ్యశ్రీ మీదనే, మిత్ర కౌంటర్‌ల కూసున్న తమ్ముడు రేషన్ కార్డు, ఆధారు, ఎకో కాయితాలు అన్నీ పెట్టి అప్రూవల్ తెప్పిచ్చిండు. పొద్దుగాల ఏడింటికి దాన్ని తీస్కపోయిన్రు, చేతికున్న రంగు గాజులు తియ్యమంటే లొల్లి చేసింది, ఎడమ చేతివి తీపియ్యనే లేదు, వాటి మీదికెళ్ళి టేపు అంటిచ్చి పట్కపోయిన్రు. రెండు గంటలన్నరు. మూడు గంటలైంది. డాక్టరు బయటికొచ్చి మమ్ముల లోపల కూసోవెట్టిండు, అప్పుడే నా కాళ్ళు చల్లవడ్డయి, మంచి మాటైతే నిలవడే చెప్తరు గద.

కుదరలేదమ్మా అన్నడు.

మత్తు ఇచ్చినంక నోట్లకెళ్ళి గొంతుల పైపు పంపి వెనక దిక్కు నుంచి ఎకో చూసిన్రు, ఛాతీ మీది ఎకోల కనవడనిది అండ్ల కనవడ్డది. హోల్‌కు కింది దిక్కు అంచు లేదు. అయినా ఒకసారి ట్రై చేసిన్రు, బిళ్ళ తెరిచిన్రు, కొద్దిగ ముందుకు తోసి వెనక్కి గుంజి చూసిన్రు, అట్ల ఊపి చూసుడు ఖాయం చేస్తరట, నిలవడలేదు, కింది దిక్కు జారింది. బిళ్ళను పట్టుకున్న స్క్రూ ఇప్పేదాంక ఎప్పుడైన వెనక్కి గుంజుకోవచ్చు కాబట్టి గొట్టంలకు గుంజి తీసేసిన్రు. బలవంతంగ ఇడిసిపెడితే రేపు ఊడి గుండెల తిరుగుతది, అప్పుడు ఉరుకులాటతోని ఎద కొయ్యాలె, అన్నడు. మా ఆయనకు కోపం వచ్చింది, ముందే చూడొద్దా అని. నాకు రాలేదు. నిజంగ రాలేదు. ఎందుకంటె అంచు లేని బట్టకు నేను కూడా కాజా వెయ్య, కస్టమర్ ఎంత మొత్తుకున్న వెయ్య, వేస్తే గుండీ వారం రోజుల్ల పోగులు లేపుకొని ఊడొస్తది. ఆ డాక్టరు చేతుల ఉన్నది ఇడిసిపెట్టకుండ తిరిగొచ్చిండు గద, అది పనితనమే.

పిల్ల లేచినంక గజ్జల కాడ చిన్న బ్యాండేజీ చూస్కొని "ఐపోయిందా?" అని అడిగింది. అప్పుడు మాత్రం ఏడ్చిన.

నడుమ బతుకమ్మ వచ్చింది. దాన్ని తొమ్మిది రోజులు ఆడనిచ్చిన, అలిసిపోతదని ఎవరన్న అంటే అననీ అని. పద్మాక్షి గుట్ట కాడ సద్దుల నాడు చప్పట్లు కొట్టుకుంట మూడు చుట్లు తిరిగి నా పైట పట్కొని కూసున్నది, నాలుగో చుట్టు నేను ఎత్తుకొని తిరిగిన.

ఇగ రెండో మాట, చంక కింద కోత. నేను మొదలు ఎదురురొమ్ము మీద నిలువుగ కోస్తరేమో అని భయపడ్డ, నడిమి ఎముకను రంపంతోని కోసి తీగలతోని మళ్ళ కట్టుడు, అదే పాత పద్ధతి, ఇప్పటికీ చాన ఆపరేషన్లకు అదే మంచి పద్ధతి కూడా. ఈ పిల్లకు మాత్రం కుడి చెయ్యి తల మీదికి ఎత్తి, చంక కింద నిలువుగ ఐదు సెంటీమీటర్ల కోత పెట్టి, పక్కటెముకల నడుమకెళ్ళి పోతం, ఎముక కొయ్యం అన్నడు సర్జన్. ముందు దిక్కు రొమ్ము కింద ఎందుకు కాదని నేనే అడిగిన, ఆడపిల్లలకు ముందట రొమ్ము ఏ దిక్కు పెరుగుతదో ఇంత చిన్నప్పుడు తెల్వది, అక్కడ కోస్తే పెద్దగైనంక అది సరిగ పెరగకపోవచ్చు, గందుకే వెనక్కు జరిగి చంకలకు పోతున్నమని చెప్పిండు. నాకు ఆ జవాబు నచ్చింది, పన్నెండేండ్ల తర్వాత సంగతి ఇప్పుడే ఆలోచిస్తున్నడు గద.

అత్తమ్మ అయితే "మచ్చ కనవడదు గద, పెండ్లికి ఇబ్బంది ఉండది" అన్నది. నాలుగేండ్ల పిల్ల, గుండె ఆపరేషను, ఆమెకు పెండ్లి యాదికొచ్చింది! మస్తు కోపమొచ్చింది నాకు. కాని అబద్ధం ఎందుకు చెప్పాలె, మచ్చ చంకల దాగుతదంటే లోపల నాక్కూడ నిమ్మళమైంది.

అయితే కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు సర్జన్ చెప్పింది వినున్రి, మీకు కోత చిన్నగ కనవడుతది, లోపల పని ఏమాత్రం చిన్నది కాదు. గుండె ఆపుతం. ఆ టైముల రక్తాన్ని గుండె-ఊపిరితిత్తుల మిషన్ తిప్పుతది. కుడి అర్ర తెరిచి, గుండె మీదుండే దాని సొంత పొరలకెళ్ళి ముక్క కత్తిరించి, హోల్ మీద పెట్టి చుట్టూ కుడ్తం. మళ్ళ గుండె కొట్టుకునేటట్టు చేస్తం. చిన్న సందుల చేస్తున్నం కాబట్టి మాకు కష్టం ఎక్కువ, ఏదన్న తేడా వస్తే ఆలస్యం చెయ్యకుండ ఎదురురొమ్ము కోసేస్తం, దానికి కూడ సంతకం పెట్టున్రి. పెట్టినం. రెండు కోతలకు రెండు సంతకాలు.

ఆ రాత్రి నిద్ర రాక ఫోన్ల చదివిన. ఆ మిషన్ మీద మొట్టమొదట మంచిగైన ఆపరేషన్ 1953 మే 6న, అమెరికాల ఫిలడెల్ఫియాల, జాన్ గిబ్బన్ అనే సర్జన్ చేసిండు. ఎవరికంటే పద్దెనిమిదేండ్ల పిల్లకు. ఏం జబ్బు? ఏఎస్‌డీ. నా బిడ్డకున్న హోలే. డెబ్బై ఏండ్ల కింద ఎవరో తల్లి ఆపరేషన్ థియేటర్ బయట కూసుంది, ఆ మిషన్ మీద ముందట ఎవ్వరికీ మంచిగైన దాఖలా కూడ లేకుండ కూసుంది, ఆమె ఎట్ల కూసుందో.

నవంబర్ల, దీపావళి అయినంక వారానికి, చేసిన్రు. బయట ఎలక్షన్ల మైకులు, ఒక్కో బండి ఒక్కో పాట, దవాఖాన ముందట కూడా. నాలుగు గంటలు. గుండె ఆపింది ఇరవై ఎనిమిది నిమిషాలని తర్వాత చెప్పిన్రు, నేను ఆ నంబర్ మళ్ళ మళ్ళ అడిగి తెల్సుకున్న, ఇరవై ఎనిమిది నిమిషాల్ల నేను ఒక లైనింగ్ జాకెట్టు కటింగ్ కూడా చెయ్య.

ఐసీయూల మొదలు చూసినప్పుడు కోత కనవడలేదు, గొట్టాలే కనవడ్డయి. ముక్కుల, మెడకు, చేతికి, పక్కన ఛాతీలకెళ్ళి ఒకటి లావుది, రక్తం నీళ్ళు డబ్బలకు కారుతున్నయి. కోత నొప్పి కన్న ఆ ఛాతీ గొట్టం నొప్పే దాన్ని ఏడ్పిచ్చింది, రెండోనాడు తీసేసినంకనే బిడ్డ నిమ్మళపడ్డది. "చిన్న కోత, నొప్పి ఉండది" అని ఎవరన్న చెప్తే నమ్మకున్రి. పక్కటెముకల నడుమ గుంజి పెడ్తరు, నొస్తది, ఊపిరి లోపలికి తీయనీకి పిల్ల భయపడ్తది. కుడి ఊపిరితిత్తిని ఆపరేషన్ల పక్కకు ఒత్తి పెడ్తరు కాబట్టి అది మళ్ళ మంచిగ ఉబ్బాలె, గందుకే మూడు గోలీల డబ్బా ఇచ్చిన్రు, పీలిస్తే గోలీలు పైకి లేస్తయి. పిల్ల పీల్చది, ఊదుతది! ఫిజియో అమ్మాయి తల పట్టుకొని ఆఖరికి సబ్బు బుడగలు తెచ్చిచ్చింది, వార్డంత బుడగలు.

ఆ వార్డుల నేర్చుకున్న, ఏ దారి అన్నది మన ఇష్టం కాదు, పైసల మీద కూడా కాదు, హోల్ మీద ఉంటదని. పక్క బెడ్డు మంచిర్యాల బాబుకు పీడీఏ, పుట్టినంక మూసుకపోవాల్సిన నాళం మూసుకపోలేదు, కాలు నరంలకెళ్ళి మూసేసిన్రు, తెల్లారి బిస్కెట్లు తినుకుంట ఇంటికి పోయిండు. ఎదురు బెడ్డు పాపకు పెదవులు, గోర్లు నీలం, నాలుగు తేడాలు కలిసున్న జబ్బు, దానికి ఎదురురొమ్ము మీద కోసే చేసిన్రు, ఆ తల్లి నన్ను చూసి "మీది చంకలనే చేసిన్రు గద, మాకెందుకు చెయ్యలే" అని అడిగింది. ఏం చెప్తం. లోపల అంత పని ఉన్నప్పుడు తలుపు పెద్దగ తెరిస్తేనే పిల్ల బతుకుతది అక్కా అన్న. మూడోనాడు ఆ పాప పెదవులు ఎర్రగైనయి, తల్లి ఫోన్‌ల ఫొటో తీసి వార్డంత చూపిచ్చింది.

ఐదో రోజు ఇంటికి పంపిన్రు. పంపేటప్పుడు సిస్టర్ ఒక మాట గట్టిగ చెప్పింది, అది మీరు కూడ యాది పెట్టుకోన్రి. వారం రెండు వారాల్ల జరమొచ్చినా, వాంతులైనా, పిల్ల మబ్బుగ ఉన్నా, మామూలు జరమని గోలీ ఇచ్చి ఊకోవద్దు, గుండె చుట్టూ నీరు చేరుతది కొందరికి, ఏఎస్‌డీ మూసిన పిల్లల్ల ఇది ఉంటది, ఎకో తీపియ్యాలె. మాకు పదో రోజు జరమొచ్చింది. రాత్రి పదింటికి మా ఆయన ఆటో తీస్కొని హన్మకొండల తెలిసిన గుండె డాక్టరు కాడికి ఉరికినం, ఎకోల కొద్దిగనే నీరు, మందులతోనే పోయింది. ఇంకోటి, ఆర్నెల్ల దాంక పండ్ల డాక్టరు కాడ ఏమన్న చేపిస్తే ముందుగాల ఆపరేషన్ సంగతి చెప్పాలె, యాంటీబయాటిక్ ఇస్తరు. పుచ్చు పండ్లు ఉంటే గుండె ఆపరేషన్ కన్న ముందే చూపిచ్చుకొమ్మన్నరు మాకు.

పైసల ముచ్చట అడిగేటోళ్ళకు, మాకు ఆరోగ్యశ్రీల 5 లక్షల లిమిట్ ఉన్నప్పుడే అయింది, ఆ తర్వాత 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు చేసిన్రు. ఆ జాకెట్టు అత్తకు సిద్దిపేట దిక్కు కొండపాకల సత్యసాయి సంజీవని వాళ్ళ పిల్లల గుండె దవాఖాన ఉన్నదని కూడ చెప్పిన, అక్కడ బిల్లు కౌంటరే ఉండదు.

ఇగ బెల్లం సంగతి. 2024 ఫిబ్రవరి 21 నుంచి జాతర, జనంల తిప్పకున్రి అని డాక్టరు చెప్పిండు కాబట్టి రెండు ఆదివారాల ముందే మొక్కు తీర్చుకుందామనుకున్నం. అత్తమ్మ ఏడాది కింద 12 కిలోల లెక్క వేసుకొని పైసలు కొంగుకు ముడేసి పెట్టుకున్నది. హన్మకొండ చౌరస్తా దిక్కు కిరాణం షాపుల పెద్ద తక్కెడ మీద పిల్లను కూసోవెట్టినం, అవుతలి దిక్కు బెల్లం ముద్దలు పెట్టుకుంట పోతున్నడు షాపాయన, తక్కెడ లేస్తలేదు. 12 అయింది, 13 అయింది, అత్తమ్మ కండ్లు పెద్దగైతున్నయి. 14 కిలోల 300 గ్రాములకు సరిసమానమైంది. "మోసమేమన్న ఉన్నదా నీ తక్కెడల" అని అడిగింది అత్తమ్మ, షాపాయన ఆమె మొఖం చూసి నవ్విండు, ఆధార్ కార్డు జిరాక్స్ ఇయ్యమన్నడు, బెల్లం గుడుంబకు పోతదని అప్పుడు ఆధారు లేంది ఇస్తలేరు. అత్తమ్మ పైట ముడి ఇప్పి ఉన్నయి ఇచ్చింది, తక్కువవడ్డయి మా ఆయన పెట్టిండు.

మేడారం పోయే ముందు రోజు రాత్రి దానికి పట్టు లంగ, జాకెట్టు కుట్టిన. ఛాతీ 21. చంక కుట్టు సరిగ్గ ఆ మచ్చ మీదికే వస్తది, ఎట్ల జరిపినా అక్కడికే వస్తది, జరీ గుచ్చుకుంటది. లోపల మెత్తటి పాత కాటన్ చీర ముక్క మడిచి పట్టీ వేసిన, కుట్టు పైకి కనవడకుండ. పొద్దుగాల తొడిగితే చెయ్యి పైకి కిందికి రెండుసార్లు ఆడిచ్చి, గుచ్చుకుంటలేదు అన్నది, ఇంకో చెయ్యి దిక్కు కూడ పట్టీ వెయ్యమన్నది.